వంటింట్లోంచి ఒక ఓటు

ఈ ఏడాది వచ్చిన నవలల్లో నాదే మంచిది. ఈ మాట నేను పుస్తకం అచ్చయి ఇంటికి వచ్చిన రోజునే భోజనాల బల్ల దగ్గర అన్నాను. మా ఆయనకు పొలమారింది. మా అత్తయ్య కంచంలోంచి తల ఎత్తలేదు. కాకిపిల్ల కాకికి ముద్దని మీరూ అనుకోవచ్చు. కానీ నేను మిగతా కాకిపిల్లల్ని కూడా చూసే అన్నాను. కొత్తగా అచ్చయ్యే ప్రతి నవలా మా ఇంటికి వస్తుంది. అప్పటికి వచ్చినవన్నీ చదివాను, ఆ తర్వాత వచ్చినవీ వదలకుండా చదివాను. మాట మార్చుకోవలసిన అవసరం రాలేదు.

నవలలు మా ఇంటికి రావడానికి కారణం మా అత్తయ్యే. ఆవిడ రిటైరయ్యేదాకా బడిలో పిల్లలకు భాష చెప్పింది. దాంతోపాటే దినపత్రిక ఆదివారం పేజీలో పుస్తక సమీక్షలు రాస్తూ వచ్చింది, ఇప్పటికీ రాస్తోంది. రచయితలు ఆవిడకు ఆకురాయి అని పేరు పెట్టారు. ఆ సంగతి చెవిన పడ్డప్పుడు ఆవిడ ఏమీ నొచ్చుకోలేదు. ఆకురాయి పడితేనే కత్తికి పదునని, పదును అక్కర్లేనివాళ్ళు గరిటెలు చేసుకోవచ్చని అంది.

ఏటా డిసెంబరు చివరి ఆదివారం ఆ పేజీలో ‘ఏటి మేటి’ అనే శీర్షిక వస్తుంది. ఆ ఏడు వచ్చిన కొత్త నవలల్లోంచి అయిదింటిని ముగ్గురు విమర్శకులు కూర్చుని ఎంచుతారు. ముగ్గురిలో ఇద్దరు చెయ్యెత్తితే పుస్తకం లోపలికి, లేకపోతే బయటికి. ఎంచిన అయిదూ పుస్తకాల కొట్లలో అద్దం వెనక నిలబడతాయి. మిగతావి లోపలి అరల్లో వీపు చూపిస్తూ పడి ఉంటాయి. నాకు అద్దం మీద మోజు కొంచెమే. నా బెంగంతా రెండో నవల గురించి. అది సగం రాసి ఉంది. మొదటిది ఏటి మేటిలోకి ఎక్కితే రెండోది వేస్తానన్నాడు మా ప్రచురణకర్త. ఎక్కకపోతే ఏమిటని అడిగితే చూద్దాం అన్నాడు. వాళ్ళ భాషలో చూద్దాం అంటే చూడం అని అర్థం.

నేను కట్టుడు పళ్ళు చేస్తాను. దంతవైద్యులు నోటి అచ్చు తీసి పంపిస్తే, మా ల్యాబులో మైనంలో పళ్ళు నిలబెట్టి, రంగు కలిపి, అరగదీసి, మెరుగుపెట్టి తిప్పి పంపిస్తాం. మనుషులు నాకు కనపడరు. వాళ్ళ కొరుకుడు మాత్రం బాగా తెలుసు. కోపాన్ని బయటికి కక్కకుండా పళ్ళు నూరేది ఎవరో, జీవితమంతా ఒక పక్కనే నమిలింది ఎవరో అచ్చు చూసి చెప్పగలను. అందులోంచి పుట్టిన నవలే ‘అరుగుదల’. ఒకే ల్యాబులో పనిచేస్తూ మాటల్లేని అక్కాచెల్లెళ్ళ కథ అది. అక్క నిలబెట్టిన పళ్ళను చెల్లెలు అరగదీస్తుంది. వాళ్ళ పోట్లాటంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళలోకి పోతుంది. మధ్యలో ఒక ముసలావిడ వస్తుంది. దర్జా మనిషి. తనవి కట్టుడు పళ్ళని లోకానికి తెలియకూడదని, దీపం ఆర్పేశాకే వాటిని తీసి, చీకట్లో తడుముకుంటూ గిన్నెలో వేస్తుంది.

ఆ ముసలావిడ ఎక్కణ్ణించి వచ్చిందో మా ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. కొన్నేళ్ళ కిందట మా అత్తయ్య పళ్ళన్నీ పోయాయి. త, థ, ద, ధ నోటికి రావడం మానేశాయి. వాటిని వ్యాకరణంలో దంత్యాలంటారని, దంతాలకు నాలుక తగిలితేనే పలుకుతాయని ఆవిడే పిల్లలకు చెప్పేది. కొత్త పళ్ళు వచ్చేదాకా ఆవిడ గది దాటి బయటికి రాలేదు. ఆ పళ్ళు నేనే చేశాను. పెట్టాక ‘దంతధావనం’ అని పలికించి సరిచూశాను. పలికింది చూడండి, బడి గంట మోగినట్టు. ఆ తర్వాత అదే పళ్ళతో ఎందరు రచయితలను నమిలిందో లెక్కలేదు. బయటివాళ్ళకు సంగతి తెలియదు. ఇంట్లో కూడా ఆ మాట ఎత్తకూడదు. దీపం ఆర్పడం నా కంట పడిందని, నవల చదివేదాకా ఆవిడకే తెలియదు.

రాసినందుకు నేను చెంపలు వేసుకోలేదు. అవసరమైతే మళ్ళీ రాస్తాను. ఇంట్లో రచయిత ఉంటే ఇంట్లోవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు అచ్చులో తేలకుండా ఉండరు. ఆ మాత్రం ఒక విమర్శకురాలికి తెలియదా అనుకున్నాను. పుస్తకం వచ్చిన వారంలోనే ఆవిడ చదివేసింది. ముగించి, అట్ట మూసి, కళ్ళజోడు తుడుచుకుని, కుక్కరు ఎన్ని కూతలు కూసిందని అడిగింది. అంతే. వేసవి పోయింది, వానలు పోయాయి, చలి మొదలైంది. పుస్తకం మీద ఒక్క ముక్క లేదు. మౌనం అర్ధాంగీకారమంటారు గానీ, మా ఇంట్లో మౌనమంటే పూర్తి మౌనమే. చివరికి ఉండబట్టలేక ఒకరోజు కూర తరుగుతూ నేనే అడిగేశాను.

“తీర్పు వంటింట్లో చెప్పను, అమ్మాయ్” అంది. “దానికి వేరే గదుంది.”

ఆ గదిలో ఆవిడ నా పుస్తకం గురించి మాట్లాడే వీలే లేదని ఇద్దరికీ తెలుసు. ఒక ఏడాది పాత విమర్శకుడొకాయన తన బావమరిది నవలను ఏటి మేటిలోకి ఎక్కించాడు. బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు కదా, అక్కడ బావే బావమరిది బతుకు కోరాడు. పాఠకులు పత్రికను ఆటపట్టించారు. దాంతో ఆ పేజీ సంపాదకుడు ఒక రూలు రాశాడు: చుట్టాల పుస్తకం చర్చకు వచ్చినప్పుడు ఆ విమర్శకుడు గదిలో ఉండరాదు. ఆ సంపాదకుణ్ణి అందరూ కత్తెర గారంటారు. ఏ వాక్యం చూసినా ఆయనకు తోక పొడుగనిపిస్తుంది, కోసేస్తాడు. అత్తయ్యకూ ఆయనకూ ఈ విషయంలో ముప్ఫై ఏళ్ళ పేచీ. రూలు వచ్చాక చుట్టాలున్న విమర్శకులు బుద్ధిగా వరండాలోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చేవాళ్ళు.

అంటే నా పుస్తకానికి మిగిలేది ఇద్దరే, ఇద్దరూ చెయ్యెత్తాలి. ఒకాయన పుస్తకాల కొట్టు నడిపే మనిషి. ఆయనకు నవల నచ్చింది. రెండో ఆయన యూనివర్సిటీలో సాహిత్యం చెప్పే ప్రొఫెసరు. ఆయనకు ‘అరుగుదల’ అరగలేదని పత్రికాఫీసులో నలుగురూ చెప్పుకుంటున్నారు. అయినా నేను ధైర్యం వదల్లేదు. మంచి పుస్తకాన్ని ఎంతసేపు మంచిది కాదంటారు?

ఆ ఏడు ఎంపిక మా ఇంట్లోనే జరిగింది. పత్రికాఫీసు నాలుగో అంతస్తులో ఉంది, అక్కడ లిఫ్టు ఆగిపోయింది. అత్తయ్య మోకాళ్ళు, ప్రొఫెసరుగారి మోకాళ్ళు ఒకే ఈడువి. మా ముందుగదిలో కూర్చుందామని కత్తెర గారే అన్నాడు. మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఆ లిఫ్టు ఆయన కంపెనీది కాదు, అయినా నింద ఆయన మీదే పడింది. అసలు మా ఆయన ఇంట్లో కూడా లిఫ్టులాంటివాడే. తల్లి మాట పెళ్ళానికి, పెళ్ళాం మాట తల్లికి మోస్తూ ఉంటాడు, మధ్యలో ఎక్కడా ఆగడు. ఆ రోజు మాత్రం పొద్దున్నే పనుందని చొక్కా తొడుక్కున్నాడు.

“ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు” అన్నాడు చెప్పులేసుకుంటూ. “నీకు రెండూ ఒకే ఇంట్లో పెట్టారు. నేనుంటే నలిగిపోతాను.”

మధ్యాహ్నం కొట్టాయన, ప్రొఫెసరుగారు, కత్తెర గారు ముగ్గురూ వచ్చారు. కత్తెర గారు చేతిలో కాగితాలు, చెవి మీద పెన్సిలు పెట్టుకుని వచ్చాడు. నేను టీ ఇచ్చి వంటింట్లోకి వచ్చేశాను. మా వంటింటికీ ముందుగదికీ నడుమ గోడలో, కంచాలు అందించుకోవడానికి ఒక చిన్న కిటికీ ఉంది. దానికి చెక్క తలుపు. తలుపు వేసే ఉంచాను, చాటుగా విన్నానని ఎవరూ అనకూడదు. గోడలకు చెవులుంటాయంటారు. మా గోడ ఇంకో అడుగు ముందుకేసి, అటు మాటలన్నీ ఇటు అప్పజెబుతుంది. అందులో నా తప్పేమీ లేదు.

నాలుగు పుస్తకాలు తొందరగానే తేలాయి. ఒకదాని మీద అత్తయ్య ఆకురాయి పట్టింది, అది రాలిపోయింది, దాని చోట ఇంకొకటి వచ్చింది. అయిదో దాని దగ్గర కత్తెర గారు గొంతు సవరించుకుని నా పుస్తకం పేరు చదివాడు. కుర్చీ జరిగిన చప్పుడైంది. అత్తయ్య వంటింట్లోకి వచ్చి, పొయ్యి పక్కన గోడకానుకుని నిలబడింది. నేను కుళాయి కట్టేశాను. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ముందు కొట్టాయన మాట్లాడాడు. పుస్తకం కొనుక్కెళ్ళినవాళ్ళు మళ్ళీ వచ్చి, ఎవరికో ఇవ్వాలంటూ ఇంకొకటి కొంటున్నారని, ఇన్నేళ్ళ వ్యాపారంలో అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టగలనని చెప్పాడు. తన చెయ్యి పైకే అన్నాడు. తర్వాత ప్రొఫెసరుగారు. ఆయన నన్ను తిట్టలేదు, అదే నాకు ఎక్కువ మండింది. వాక్యం బాగుందన్నాడు, ల్యాబు పని కళ్ళకు కట్టిందన్నాడు. చిక్కంతా ఆ ముసలావిడ అధ్యాయంతోనే అన్నాడు.

“దీపం ఆర్పి, చీకట్లో పళ్ళు తీసే మనిషి ఉంటుందాండీ? సొంత ఇంట్లో, సొంత మనుషుల దగ్గర అంత దాపరికమా? రక్తి కట్టించడానికి కల్పించారు. నవలకి నడిమి స్తంభం అదే, అదే నన్ను నమ్మించలేదు. నా చెయ్యి లేవదు.”

కత్తెర గారు ఒకటికి ఒకటి అన్నాడు. రెండు చేతులు లేవలేదు కనుక వదిలేద్దామన్నాడు, పెన్సిలు చెవి మీంచి తీస్తూ కాబోలు. రెండో నవల సగంలో ఆగి నావైపు చూస్తున్నట్టు అనిపించింది. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. వెళ్ళి ఆ ముసలావిడ ఎవరో చెప్పేయాలని నోటిదాకా వచ్చింది. చెప్పడానికి ఆ మాట నాది కాదు. నేను నవలలో రాసుకోగలను, కానీ నలుగురి ముందు పేరుపెట్టి చెప్పలేను. ఆ తేడా నాకు తెలుసు. పంటి బిగువున ఊరుకుని అత్తయ్య వైపు చూశాను. ఆవిడ దవడ కదులుతోంది. పళ్ళు నూరుతోంది. నేను చేసిన పళ్ళే, అంచు విరుగుతుందేమోనని ఆ స్థితిలోనూ నాకు భయమేసింది.

అత్తయ్య చెయ్యి చాచి కిటికీ తలుపు తెరిచింది.

“నా ఓటు ఇంకా అడగలేదు” అంది, ముందుగదిలోకి తల వంచి.

కత్తెర గారు రూలు గుర్తుచేశాడు. ఆవిడ రూలు చదవమంది. ఆయనకు కంఠతా వచ్చు, చదివాడు.

“గదిలో ఉండరాదన్నారు. నేను గదిలో లేను, వంటింట్లో ఉన్నాను. ఓటు వేయరాదని ఎక్కడుంది?”

కత్తెర గారు మింగలేక కక్కలేక అన్నాడు, మొదట రాసినప్పుడు ఆ ముక్క ఉండేదని, బయటికి వెళ్ళిన మనిషి ఎలాగూ ఓటు వెయ్యడు కదా, అనవసరమని తానే తీసేశానని. కొట్టాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

“ముప్ఫై ఏళ్ళుగా నా వ్యాసాలకి తోకలు కోశారు” అంది అత్తయ్య. “దీని తోకా మీరు కోసిందే. నేను అచ్చులో ఉన్నది చదువుతాను, అంతే.”

ప్రొఫెసరుగారు ఒప్పుకోలేదు. రూలు అక్షరం ఎలా ఉన్నా దాని ఉద్దేశం అందరికీ తెలిసిందేనని, అత్త కోడలికి ఓటు వేస్తే లోకం నవ్వదా అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే.

“బావ వేస్తే నవ్వుతారు. మామ వేసినా నవ్వుతారు” అంది అత్తయ్య నింపాదిగా. “అత్త కోడల్ని మెచ్చుకుంటే ఎవరూ నవ్వరు ప్రొఫెసర్‌గారూ. అత్తమంచి, వేముతీపు లేవని పుట్టినప్పట్నించీ విన్నవాళ్ళు. అత్తే పుస్తకం మంచిదని అంటే, మంచిదేనేమో అనుకుంటారు.”

ఆ మాటకు ఆయన కూడా నవ్వాడు. సరే, కారణాలు చెప్పండి, వింటాం అన్నాడు. అత్తయ్య ముందు లోపాలు చెప్పింది. చివరి అధ్యాయం తేలిపోయిందని, అన్నేళ్ళు మాటల్లేని అక్కాచెల్లెళ్ళు అంత తొందరగా కలవరని చెప్పింది. పేజీకో సామెత పడిందని, కూరలో ఉప్పు తెలియాలి గానీ కనపడకూడదని చెప్పింది. నేను నోరు తెరవబోతే, అటు చూస్తూనే ఇటు చెయ్యి చూపించి ఆపింది. సామెతల మాట ఒప్పుకోను. ఇప్పటికీ ఒప్పుకోను.

“ఇక ఆ ముసలావిడ” అని ఆగింది.

నేను వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాను. నిజంగానే వద్దనుకున్నాను. అచ్చులో ఎక్కడం వేరు, తన ఈడువాళ్ళ ముందు, తన మాటంటే బెదిరే మనుషుల ముందు ఆవిడ చిన్నబోవడం వేరు. దానికన్నా రెండో నవల సగంలో చచ్చిపోయినా ఫర్వాలేదనిపించింది. ఆవిడ నన్ను చూసింది. చూసి, కిటికీ వైపు తిరిగింది.

“ఆ ముసలావిడ నేనే. నావి కట్టుడు పళ్ళు. చేసింది ఈ పిల్లే. దీపం ఆర్పే తీస్తాను, ఎవరూ చూడలేదనుకున్నాను. ఈ పిల్ల చూసింది. చదివాక చాన్నాళ్ళు దీని మొహం చూడబుద్ధి కాలేదు. అబద్ధం రాసుంటే చూడగలిగేదాన్ని.”

కిటికీలోంచి ప్రొఫెసరుగారి వైపు చూసింది.

“నమ్మించలేదన్నారు. ఇప్పుడు నమ్ముతారా? నా చెయ్యి పైకి” అంది. అని, నిజంగానే కిటికీలోంచి చెయ్యి బయటికి చాచి పైకెత్తింది. చేతికి సబ్బు నురగ ఉంది. ఆ గోడ దగ్గర ఊరికే నిలబడలేక, నా పక్కనున్న కప్పులు కొన్ని ఆవిడ తోమి పెట్టిందని అప్పుడు గమనించాను.

ప్రొఫెసరుగారి గొంతే ముందు వినపడింది. అయిదోది రాసుకోండి అని కత్తెర గారికి చెప్పాడు. వెళ్ళేటప్పుడు వంటింటి గుమ్మందాకా వచ్చి, అత్తయ్యకు నమస్కారం పెట్టాడు. నా వైపు తిరిగి, చివరి అధ్యాయం గురించి టీచరుగారు చెప్పింది నిజమేనన్నాడు. నేను కాదన్నాను. ఆయన వాదన పెంచుకోలేదు.

వాళ్ళు వెళ్ళాక నేను అత్తయ్యకు ఏం చెప్పాలో తెలియక, తీర్పు వంటింట్లో చెప్పనన్నారు కదా అన్నాను. గది మారింది, నేనేం చేసేది అంది ఆవిడ. నాకు అప్పుడు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఉల్లిపాయలు కూడా లేవు, వాటి మీద పెట్టడానికి.

ఎంచిన ప్రతి పుస్తకం మీదా ఎవరో ఒక విమర్శకుడు నాలుగు మాటలు రాయాలి. నా పుస్తకం మీద అత్తయ్యే రాసింది, తన పేరు కింద అత్త అని వేయమని కూడా రాసింది. శనివారం కత్తెర గారు ఫోన్ చేశాడు. అచ్చుకు వెళ్ళబోయేది చదివి వినిపించాడు: ఈ ఏడు ఇంతకన్నా మంచి నవల రాలేదు. అంతే. లోపాలు చెప్పిన రెండు వాక్యాలూ కోసేశాడు. అత్తయ్య ఫోన్ నాకిచ్చి, నీ పుస్తకం, నువ్వే తేల్చుకో అని వెళ్ళి కూర్చుంది.

నిజం చెప్పొద్దూ, ఆ ఒక్క వాక్యం చెవికి తేనెలా ఉంది. అలాగే ఉండనిస్తే ఎవరు కాదంటారు? ప్రచురణకర్త దాన్ని రెండో నవల అట్ట మీద వేసుకుంటాడు. కానీ ఆ వాక్యాన్ని ఒంటరిగా చూస్తే నాకే అనుమానమొచ్చింది, ఇది బావ రాశాడా, బావమరిది రాశాడా అని.

“రెండూ మళ్ళీ పెట్టండి సార్” అన్నాను. “అవి లేకపోతే ఎవరో చుట్టం రాసినట్టుంది. ఇది మా అత్తయ్య రాసింది.”

ఆయన చోటు లేదన్నాడు. అయితే పొగడ్త కొయ్యండి, లోపాలు ఉంచండి అన్నాను. జీవితంలో మొదటిసారి కత్తెర గారు ఏమీ కొయ్యకుండా మొత్తం వేస్తానన్నాడు. అత్తయ్య అటు తిరిగి కూర్చుని పుస్తకం చదువుతోంది. పుస్తకం తలకిందులుగా ఉంది.

ఆదివారం పొద్దున్న నేను సింకు దగ్గర ఉండగా ఆవిడ వచ్చింది. చేతిలో గిన్నె. గిన్నెలో పళ్ళు. సింకు మీది కిటికీలోంచి ఎండ నేరుగా వాటి మీద పడుతోంది. ఆ నోటిని బోసిగా నేను చూడటం, ఆ పళ్ళు పెట్టి సరిచూసిన రోజు తర్వాత అదే మొదటిసారి. పైవరస కాస్త వదులైంది చూడమని గిన్నె నా ముందు పెట్టింది. నేను పళ్ళు చేతిలోకి తీసుకుని అంచు తడిమి చూశాను. కోపం వచ్చినప్పుడల్లా నూరి నూరి ఒక పక్క బాగా అరిగింది. ఈ అరుగుదలలో నా వాటా కూడా ఉంది. సరిచేస్తానన్నాను.

ఆవిడ పేపరు విప్పి, కళ్ళజోడు పెట్టుకుని, ఏటి మేటి అయిదు పేర్లూ పైకి చదివింది. అయిదో పేరు దగ్గర ‘ద’ పలకలేదు, గాలి పోయింది. ఆగి, మళ్ళీ మొదటినుంచి చదివింది. మళ్ళీ గాలే పోయింది. ఈసారి ఆగలేదు, లోపాలతో సహా చివరిదాకా చదివింది.